మణికట్టు మీద ఒత్తు

మొన్నొక ఉదయం రాజమండ్రి మెయిన్ రోడ్డు మీద నడుస్తుంటే, ఇంకా తెరవని ఒక బట్టల కొట్టు పక్క గోడకు ఒకాయన పోస్టరు అంటిస్తూ కనిపించాడు. అన్నీ ఫ్లెక్సీలే అయిపోయిన ఈ రోజుల్లో ఆ పని చూడటమే అరుదు. రంగు వెలిసిన బకెట్లో ఉడికించిన మైదా జిగురు, అందులో ముంచిన కొబ్బరి పీచు కుంచె, గోడ మీద ఆ కుంచె గీసిన తడి చారలు, వాటిలోంచి సగం గంజిలా, సగం పులిసిన పిండిలా వచ్చి ముక్కుకు తగిలిన వాసన. కాళ్ళు ఆగిపోయాయి. ఆయన నిచ్చెన మీంచే వెనక్కి తిరిగి, "ఏంటండీ, కొట్టు తొమ్మిదింటికి గానీ తియ్యరండీ" అన్నాడు. "కొట్టు కోసం కాదండీ, వాసన కోసం ఆగాను" అన్నాను. ఆయన బకెట్లోకి ఒకసారి, నా మొహంలోకి ఒకసారి చూసి, "నిన్నటిదండీ, కొద్దిగా పులిసింది" అన్నాడు నొచ్చుకున్నట్టుగా.

నాకు అది ఐదో తరగతి వాసన. ఆ ఏడాది మా బడిలో అక్షరాలను దారంతో చేసి మైదా జిగురుతో అట్టల మీద అంటించారు, ఒకే ఒక్క పిల్ల కోసం. ఆ పిల్ల పేరు బుల్లెమ్మ. ఆమెకు కళ్ళు కనిపించవు, చెవులు వినిపించవు.

అది తొంభైల మొదలు. నర్సాపురానికీ పాలకొల్లుకూ మధ్య, కాలువ గట్టు పక్కన మా ఊరు. పొద్దున్నే రైస్ మిల్లు ఊక వాసనతో తెల్లవారేది. వేసవిలో కాలువ కట్టేసినప్పుడు పిల్లలమంతా మోకాలి లోతు బురదలో చేపల కోసం దేవులాడేవాళ్ళం. మళ్ళీ నీళ్ళు వదిలిన రోజున ఎర్రటి నురగ ముందు నడుస్తూ ఊళ్ళోకి వచ్చేది, దాని వెంట గట్టు మీద మేమూ పరిగెత్తేవాళ్ళం. వానలు పడితే ఎవరింట్లో పనసపొట్టు కూరలో ఆవపిండి ఎక్కువైందో వీధి చివరికి తెలిసేది, చలికాలం తంపటి వేసిన తేగల కాలిన మట్టి వాసన చేతుల్ని రెండు రోజులు వదిలేది కాదు. ఏ కాలమైనా మధ్యాహ్నం భోజనాలయ్యాక మాత్రం ఊళ్ళో ఆడవాళ్ళందరూ అరుగుల మీదికి చేరి, దారపు ఉండ దొర్లిపోకుండా కొబ్బరి చిప్పలో వేసుకుని, ఒళ్ళో తెల్లగుడ్డ పరుచుకుని, కొక్కెం సూదితో లేసు అల్లేవారు. మా నాయనమ్మ మాట్లాడుతూ అల్లేది, కునుకు తీస్తూ అల్లేది, మమ్మల్ని తిట్టేటప్పుడు ఇంకొంచెం వేగంగా అల్లేది.

బుల్లెమ్మ వాళ్ళది మా ఇంటికి నాలుగో ఇల్లు. తండ్రి మిల్లులో పనిచేసేవాడు, తల్లి సత్యవతి గారు లేసు అల్లడంలో ఊళ్ళో మొదటి వరస. బుల్లెమ్మకీ నాకూ ఒకే రోజున, ఒకే పళ్ళెంలో బియ్యం పోసి అక్షరాలు దిద్దించారట. ఒకటో తరగతిలో కొన్నాళ్ళు పక్కపక్కనే కూర్చున్నాం కూడా. తర్వాత ఆమెకు పెద్ద జ్వరం వచ్చింది. జ్వరం తగ్గేసరికి వినికిడి పోయింది, ఏడాది తిరక్కుండా చూపు పోయింది. భీమవరం తీసుకెళ్ళారు, కాకినాడ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. చివరికి వెలుగూ నీడా తేడా తెలియడం ఒక్కటే మిగిలింది. వచ్చిన మాటలు కూడా వినేందుకు చెవి లేక ఒక్కొక్కటీ రాలిపోయి, అమ్మ, నీళ్ళు, వద్దు అనే మూడింటి దగ్గర ఆగాయి. వద్దు అన్నది అన్నిటికన్నా గట్టిగా అనేది. అప్పట్నుంచీ నాలుగేళ్ళు ఆమె తల్లి కొంగు చివర పట్టుకుని అరుగు మీద కూర్చుంది, మేం ఆమె ముందు నుంచే పలకలు ఊపుకుంటూ బడికి వెళ్ళాం. మాకు అందులో వింతేమీ అనిపించలేదు. ఇప్పుడు తలుచుకుంటే అదే వింతగా ఉంటుంది.

ఒకరోజు బడి వదిలాక మా నాయనమ్మ అల్లిన లేసు ముక్క పట్టుకుని బుల్లెమ్మ దాని అంచు వెంట వేళ్ళు పోనిస్తూ వచ్చి, ఒకచోట ఆగి, "వద్దు" అంది. మళ్ళీ మొదటికి వెళ్ళి, మళ్ళీ అక్కడికే వచ్చి, "వద్దు" అంది. నాయనమ్మకు కోపం వచ్చింది. "నలభై ఏళ్ళబట్టి అల్లుతున్నా. నా లేసుకి వంక పెట్టడానికి ఇదెవత్తే, సత్యవతీ!" అంటూ లాక్కుని, కళ్ళద్దాలు సర్దుకుని లెక్కపెట్టింది. పువ్వుకి ఎనిమిది గళ్ళుండాల్సిన చోట ఏడున్నాయి. "ఒక గడి మింగేశాను" అని, అల్లినదంతా విప్పడం మొదలుపెట్టింది.

సరిగ్గా అప్పుడు అరుగు మెట్టు మీద సుభద్ర టీచరు గారున్నారు. ఐదో తరగతి ఆవిడదే. పాలకొల్లు నుంచి బస్సులో వచ్చి వెళ్ళేవారు, బస్సు ఆలస్యమైతే మా అరుగు మీదే కూర్చునేవారు.

"మీ అమ్మాయిని బడికి పంపరాదాండీ?" అన్నారు సత్యవతి గారితో.

సత్యవతి గారు నవ్వేశారు. "బడికేంటండీ టీచరు గారూ. మీరు చెప్పేది వినపడదు, రాసేది కనపడదు. అక్కడొచ్చి ఏం చేస్తదండీ?"

"లెక్కలో తప్పు పట్టింది కదండీ. నా తరగతిలో ముప్ఫై మందున్నారు. ఆ పని చెయ్యగలిగినవాళ్ళు నలుగురే ఉన్నారు."

పెద్ద మాస్టారు, అంటే మా హెడ్మాస్టరు గారు, మంచివారే గానీ ప్రతిదానికీ భయపడేవారు. వాన పడితే గోడ గురించి, ఎండ కాస్తే పిల్లల గురించి భయం. "కాలవ పక్క బడండీ. రేప్పొద్దున్న ఏదన్నా అయితే ఎవరు జవాబు చెప్తారండీ?" అన్నారు. చివరికి హాజరు పట్టీలో మా అందరి పేర్ల కింద, ముప్ఫై ఒకటో వరసలో బుల్లెమ్మ పేరు పెన్సిలుతో రాశారు. మార్చిలో ఇన్‌స్పెక్టరు గారు వస్తారు, ఆయన సరేనంటే సిరాతో దిద్దుతాను, కాదంటే చెరిపేస్తాను, ఈలోగా ఎవరికీ ఏమీ చెప్పకండి అన్నారు. సాయంత్రానికి ఊరంతా తెలిసింది. సిరా పడితేనే ఆమె మాతోపాటు పాసై హైస్కూలుకు వస్తుందని, లేకపోతే మళ్ళీ కొంగు చివరికే అని మా అందరికీ అర్థమైంది.

మొదటి పని అక్షరాలు. చిన్నప్పుడు దిద్దినవి ఆమెకు ఎంతవరకు గుర్తున్నాయో తెలియదు. టీచరు గారు మమ్మల్ని ఇళ్ళల్లో ఉన్న పాత శుభలేఖలన్నీ తెమ్మన్నారు, గట్టి అట్టలు కదా అని. సత్యవతి గారు లేసు దారం మూడు పేటలు పేని తెచ్చారు. బడి వెనక మూడు ఇటుకల పొయ్యి మీద మైదా ఉడికించి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలిపి, శుభలేఖల వెనక దారంతో అ, ఆ, ఇ, ఈ అంటించాం. మొదటి అట్ట చేతికివ్వగానే బుల్లెమ్మ దాన్ని తడిమింది, వాసన చూసింది, ఎవరూ ఆపేలోపు నాకింది. మైలుతుత్తం విషం కదా, టీచరు గారు హడలిపోయి ఆ అట్టలన్నీ అవతల పారేయించి, తుత్తం లేకుండా మళ్ళీ ఉడికించారు. దాంతో అట్టలకు ఎలకలు పట్టాయి. ఒక సోమవారం వచ్చి చూస్తే ఋ మొత్తం తినేశాయి. దాన్ని మళ్ళీ అంటించాలని ఎవరికీ అనిపించలేదు.

నెల తిరిగేసరికి ఆమె వర్ణమాలంతా పట్టేసింది. అప్పుడు అట్టలు పక్కనపెట్టి, ఆమె పక్కన కూర్చుని, కుడి అరచేతిలో చూపుడువేలితో ఒక్కొక్క అక్షరం రాయడం మొదలుపెట్టాం. అల, వల, పలక, పడవ. ఒక అక్షరం రాసి, ఆగి, దాని మీదే ఇంకొకటి. మాట అయిపోతే అరచేతిని ఒకసారి తట్టడం. అడిగేది ప్రశ్న అయితే చివర ఆమె బొటనవేలు నొక్కడం. ఆమె తిరిగి మన అరచేతిలో రాసేది. మేం తప్పు రాస్తే, అర్థం కాకపోతే, తన అరచేతిని పరికిణీకేసి బరబరా తుడిచేసేది, మేం పలకలు దొండాకుతో తుడిచినట్టు. తుడిచిందంటే మళ్ళీ మొదట్నుంచి రాయాలి.

అంతా బాగానే ఉంది గానీ, ఒత్తుల దగ్గర బండి ఆగింది. పిల్ల అరచెయ్యి ఎంతుంటుంది? అక్షరం కింద ఒత్తు రాస్తే రెండూ కలిసి ఏదో కెలికినట్టు ఉండేది. పక్కన రాస్తే వేరే అక్షరం అనుకునేది. అక్క అని రాస్తే అక అనో అకక అనో రాసేది. ఆమె పేరులోనే రెండు ఒత్తులున్నాయి. టీచరు గారు ఎంత ఓపిగ్గా రాసినా బులెమ అని పలక మీద రాసి, ఇదెవరు అన్నట్టు మా బొటనవేళ్ళు నొక్కేది. అలా వారం గడిచింది. టీచరు గారు మొదటిసారి అలిసిపోయినట్టు కనిపించారు.

మా తరగతిలో నాగరత్నం అని ఒక పిల్ల ఉండేది. డిక్టేషన్లో ఆమెకు ఎప్పుడూ సున్నాయే, అన్నీ ఒత్తు తప్పులే. చింతకాయలు నమిలే పనిలో ఉండి, తలెత్తకుండానే అంది.

"ఒత్తు కిందే కదండీ రాస్తాం. చేతికి కిందంటే ఈ మణికట్టే కదండీ. ఇక్కడ రాయండి."

టీచరు గారు వెంటనే బుల్లెమ్మ చెయ్యి తీసుకున్నారు. అరచేతిలో బు. అరచేతిలో లె, వెంటనే కిందికి దిగి మణికట్టు మీద ల ఒత్తు. అరచేతిలో మ, మణికట్టు మీద మ ఒత్తు. బుల్లెమ్మ ఇంకోసారి రాయమన్నట్టు చెయ్యి చాపింది. రెండోసారి రాశాక పలక తీసుకుంది. వరస తప్పకుండా దాని మీద అడ్డంగా లేసు దారాలు కట్టి ఉండేవి. ఆ దారం తడుముకుంటూ తన పేరు రెండు ఒత్తులతోనూ రాసి, ఆ పలకను గుండెలకు ఆనించుకుని, మిగతా రోజంతా ఎవరికీ ఇవ్వలేదు. నాగరత్నాన్ని టీచరు గారు లేచి నిలబడమన్నారు. తిడతారనుకుని చింతకాయ మింగేసింది. అందరిచేతా చప్పట్లు కొట్టించారు.

ఆ రోజు నుంచి మా ముప్ఫై మందికీ ఒక కొత్త రాత వచ్చింది. బడి బయట ఎవరికీ తెలియదు. పాఠం జరుగుతుంటే మాట్లాడకూడదు కాబట్టి మేం మేమే ఒకరి అరచేతుల్లో ఒకరం రాసుకునేవాళ్ళం, వెనక బెంచీల నుంచి ముందు బెంచీలకు చేతుల మీదుగా కబుర్లు నడిచేవి. ఒత్తు రాయడానికి మణికట్టు దాకా దిగాలి కాబట్టి ఒత్తు అనేది ఒకటుందని మర్చిపోవడం కుదిరేది కాదు. నాగరత్నానికి డిక్టేషన్లో మార్కులు రావడం మొదలైంది.

బుల్లెమ్మ సాధువేమీ కాదు. వామనగుంటల ఆటలో చింతగింజలు వేళ్ళతో లెక్కపెట్టుకుంటూ మమ్మల్ని వరసపెట్టి ఓడించేది, ఓడిపోయే రోజు వస్తే గింజలు పరికిణీలో దాచేది. పట్టుకుంటే గిల్లేది. అందరి చేతులూ ఆమెకు గుర్తే. నాగరత్నం చెయ్యి ముట్టకముందే పులుపు వాసన పట్టి మొహం చిట్లించేది. కాలువకు నీళ్ళు వదిలితే నురగ మా ఊరు చేరకముందే నా చేతిలో నీళ్ళు అని రాసేది. ఎలా తెలిసింది అని బొటనవేలు నొక్కితే, గాలి తడి అని రాసేది. ఆమెకు చెప్పాలంటే మాకు ముందు తెలియాలి. నల్లబల్ల మీద ఏముంది, ఎవరు నవ్వుతున్నారు, ఎందుకు నవ్వుతున్నారు, పెద్ద మాస్టారు ఏ రంగు చొక్కా వేసుకున్నారు, అన్నీ అడిగేది. ఆమె పక్కన కూర్చున్న ఏడాదిలో నేను బడిని చూసినంతగా తర్వాత ఏ ఊరినీ చూడలేదేమో.

ఒక్క పొరపాటు మాత్రం మావల్ల జరిగింది. ఒక్కొక్క అక్షరం రాయడం నెమ్మది పని కదా, కలిసొస్తుందని మేం అండీ, గారూ కోసేశాం. ఎవరం రాయలేదు. ఆమెకు చిన్నప్పుడు వచ్చిన అండీలు ఏవైనా ఉంటే అవి కూడా మరుగునపడ్డాయి. ఒకరోజు పెద్ద మాస్టారు గుమ్మంలో గాలికి అడ్డంగా నిలబడి ఉంటే, బుల్లెమ్మ వెళ్ళి ఆయన చెయ్యి వెతికి పట్టుకుని రాసింది. ఆయనకు ముందు అర్థం కాలేదు. మళ్ళీ రాయించుకుని, మొహం ఎర్రబడి మా తరగతికి వచ్చారు.

"టీచరు గారండీ! నన్ను జరుగు అందండీ!"

ఈ సంగతి తెలిసి మా నాయనమ్మ నాకు ఇంట్లో పాఠం పెట్టింది. "గేదెని కూడా లెగండీ అని లేపే ఊళ్ళో పుట్టి, పెద్ద మాస్టార్ని జరుగు అనిపిస్తారంటే! గోదారి పిల్లకి అండీ నేర్పకుండా మిగతావన్నీ ఎందుకు నేర్పినట్టే?" మేం కూడా అనుకున్నాం, నేర్పాలని. కానీ అక్షరాలు ఎక్కువ, ఓపిక తక్కువ. రేపు, ఎల్లుండి అనుకుంటూనే మార్చి వచ్చేసింది.

మామిడి పిందెలు రాలే రోజులు. ఇన్‌స్పెక్టరు గారు స్కూటరు మీద వచ్చారు. పెద్ద మాస్టారు కొబ్బరి బొండం చేతికిచ్చి, ఆయన తాగుతున్నంతసేపూ పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డారు. పట్టీ బల్ల మీద తెరిచి ఉంది. ముప్ఫై ఒకటో వరస పెన్సిలు గీత నాకు నా బెంచీ నుంచి కూడా కనిపిస్తున్నట్టే అనిపించింది. ఇన్‌స్పెక్టరు గారు మాకు డిక్టేషన్ ఇచ్చారు. ఆయన పట్టింపంతా ఒత్తుల మీదే. పలక పలకకీ వంగి, ఎర్ర సుద్దతో సున్న చుట్టి, "ఒత్తు తప్పు... ఇదిగో, ఒత్తు తప్పు" అంటూ వరసలన్నీ తిరిగారు. నాగరత్నం పలక మీద మాత్రం ఏమీ చుట్టలేకపోయారు.

తర్వాత బుల్లెమ్మ దగ్గరికి వచ్చి, "ఈ అమ్మాయేనా?" అన్నారు. టీచరు గారు అన్నీ చెప్పారు. ముందురోజు ఆవిడ నన్ను పక్కకు పిలిచి, "పద్దూ, ఆయన అడిగింది అడిగినట్టు రాయి. ఒక్క అక్షరం ఎక్కువ వద్దు, తక్కువ వద్దు" అని మరీ చెప్పారు. నేను తల ఊపాను.

"మన జిల్లాకి ముఖ్య పట్టణం ఏదో అడగమ్మా" అన్నారు ఇన్‌స్పెక్టరు గారు.

ఆ ప్రశ్నకు బుల్లెమ్మ ఎప్పుడూ నర్సాపురం అనే రాసేది. లేసు దారం కోసం తల్లితో వెళ్ళిన ఊరు అదొక్కటే, అంతకన్నా పెద్ద ఊరు ఉంటుందంటే ఒప్పుకునేది కాదు. ఇప్పుడు కూడా నర్సాపురం అంటే? రబ్బరు తీసుకుని పెద్ద మాస్టారు ఆ పేరు చెరిపేస్తుంటే ఎలా ఉంటుందో కళ్ళకు కట్టింది. ఆమె అరచెయ్యి తీసుకుని, ప్రశ్న రాయాల్సిన చోట, ఏలూరు అని రాశాను.

ఆమె ఎదురుచూసింది. బొటనవేలు ముందుకు పెట్టింది, నొక్కుతానని. నేను నొక్కలేదు. మళ్ళీ ఏలూరు అని రాశాను. ఆమె కనుబొమ్మలు ముడిపడ్డాయి. అరచేతిని పరికిణీకేసి బరబరా తుడిచి, మళ్ళీ చాపింది. మూడోసారీ నేను అదే రాశాను. ఈసారి చెయ్యి లాక్కుని, తుడిచి, బడంతా మోగేలా "వద్దు!" అని అరిచింది.

"ఏం రాశావమ్మా?" అన్నారు ఇన్‌స్పెక్టరు గారు.

అబద్ధం చెబుదామంటే టీచరు గారు ఎదురుగా ఉన్నారు. "ఏలూరు అని రాశానండీ."

"నేను చెప్పింది ప్రశ్న కదా?"

"అవునండీ."

పెద్ద మాస్టారు కళ్ళు మూసుకున్నారు. ఇన్‌స్పెక్టరు గారు నన్ను తిట్టలేదు. టీచరు గారి వైపు తిరిగి, "జవాబు చేతిలో పెడితే ఎందుకు తుడిచేసిందండీ?" అని అడిగారు.

"ప్రశ్న ఏంటో తెలీకుండా జవాబు తీసుకోదండీ. ఎప్పుడూ అంతేనండీ" అన్నారు టీచరు గారు.

ఆయన నన్ను లేపి, నా చోట తనే కూర్చున్నారు. వాచీ తీసి జేబులో పెట్టుకుని, చొక్కా చెయ్యి మడిచి, బుల్లెమ్మ అరచేతిలో రాయడం మొదలుపెట్టారు. నీకు ఏమి ఇష్టం అన్నది ఆయన ప్రశ్న. ష రాసి, దాని కిందే అరచేతిలో ట ఒత్తు రాయబోయారు. బుల్లెమ్మ ఆయన వేలిని పట్టుకుంది. గాల్లోకి ఎత్తి, కిందికి తెచ్చి, తన మణికట్టు మీద పెట్టి, ఊఁ, ఇక్కడ అన్నట్టు రెండుసార్లు ఆడించింది.

"ఒత్తు తప్పండీ!" అంది నాగరత్నం వెనక బెంచీ నుంచి, పొద్దున్నుంచీ ఆయన అంటున్న గొంతుతోనే.

పెద్ద మాస్టారు బల్ల పట్టుకున్నారు. ఎవరో ఒకరు కిసుక్కుమన్నారు, తర్వాత ఇంకొకరు, తర్వాత ముప్ఫై మందిమీ. ఇన్‌స్పెక్టరు గారి భుజాలు కదిలాయి. ఆయన కూడా నవ్వుతున్నారని తెలియడానికి కొంచెంసేపు పట్టింది. అరచేతిని తనే మెల్లగా తుడిచి, మొదట్నుంచీ మళ్ళీ రాశారు, ఒత్తు మణికట్టు మీదే పెట్టి. టీచరు గారు చెబితే బొటనవేలు నొక్కారు.

బుల్లెమ్మ పలక తీసుకుంది. దారం తడుముకుంటూ జీళ్ళు అని రాసింది, ఒత్తుతో సహా. అంతటితో ఆగితే అందరం హాయిగా ఊపిరి పీల్చుకునేవాళ్ళం. పలక కింద పెట్టి, ఆయన చెయ్యి లాక్కుని, అరచేతిలో నీకు అని రాసి బొటనవేలు గట్టిగా నొక్కింది.

"క్షమించాలండీ, దానికి అండీ రాదండీ, ఇంకా నేర్పలేదండీ..." అంటూ పెద్ద మాస్టారు అడ్డం వచ్చారు.

"ఉండండి మాస్టారూ, నన్నేదో అడిగింది" అన్నారు ఇన్‌స్పెక్టరు గారు. కాస్త ఆలోచించి, ఆమె చేతిలో నెమ్మదిగా కొబ్బరుండ అని రాశారు. బ ఒత్తుకి మణికట్టు మీదికి దిగడం మర్చిపోలేదు. బుల్లెమ్మ సరే అన్నట్టు తల ఊపి, ఆయన చెయ్యి వదిలేసింది. ఆయన లేచి, పట్టీ దగ్గరికి వెళ్ళి, కలం మూత తీసి, పెన్సిలు గీత మీదుగా ఆ పేరు తనే సిరాతో దిద్దారు. రెండు ఒత్తులూ కొంచెం పెద్దవిగా రాశారు.

ఆ సాయంత్రం బుల్లెమ్మ నా పక్కన నడవలేదు. నేను చెయ్యి పట్టుకోబోతే తుడిచేసుకుంది. రెండు రోజుల తర్వాత తనే వచ్చి నా చేతిలో ఏలూరు ఎంత పెద్ద అని రాసి, బొటనవేలు నొక్కింది. నర్సాపురం కన్నా పెద్ద అని రాశాను. ఆమె ఒప్పుకోలేదు.

అంతటితో కథ సుఖంగా ముగిసిందని రాయాలని ఉంటుంది గానీ, అలా జరగలేదు. సుభద్ర టీచరు గారికి ఆ వేసవిలోనే బదిలీ అయింది. బుల్లెమ్మ మాతోపాటు హైస్కూలుకు వచ్చింది. ఒక్కొక్క పీరియడుకు ఒక్కొక్క మాస్టారు వచ్చి, చెప్పేది చెప్పి, గంట కొట్టగానే వెళ్ళిపోయేవారు. అరచేతిలో మాట పూర్తయ్యేదాకా ఆగే వ్యవధి ఎవరికీ లేదు. మొదట్లో ఆరుగురం వంతులు వేసుకుని పక్కన కూర్చునేవాళ్ళం. తర్వాత నలుగురం, తర్వాత ఇద్దరం. ఏడో తరగతి పబ్లిక్ పరీక్ష ఏడు నా చేతులు నా పుస్తకాల మీదే ఉన్నాయి. ఆమె చెయ్యి బల్ల మీద వెల్లకిలా చాపి ఉండటం, దాన్ని నేను చూసి కూడా పేజీ తిప్పడం, ఇవి నాకు గుర్తున్నాయి. ఆ వేసవిలో ఆమెను కాకినాడలో ఒక హాస్టలు బడిలో చేర్చారు, అక్కడ బ్రెయిలీ చుక్కల రాత నేర్పుతారని. తర్వాత నేను చదువుకని ఊరు వదిలాను, ఉద్యోగానికి రాజమండ్రి వచ్చాను. పత్రికలో ఇరవయ్యేళ్ళకు పైగా నా పని ఇతరులు రాసిన వాటిలో పడిపోయిన ఒత్తులు వెతికి పెట్టడం. ప్రతి ఒత్తు దగ్గరా ఎడమ మణికట్టు మీద వేలు ఆనించే అలవాటుంది నాకు. కొత్తగా వచ్చిన పిల్లలు, "వాచీ పెట్టుకోవడం మర్చిపోయారాండీ" అని అడుగుతుంటారు.

పోస్టరు చూసిన ఆ వారమే, ఆదివారం నాడు, పాలకొల్లు బస్సెక్కాను. మా బడిని పిల్లలు లేరని పక్క ఊరి బడిలో కలిపేశారు, గదుల్లో ఎవరివో ధాన్యం బస్తాలున్నాయి. కాలువలో నీళ్ళకు ముందు నడిచే నురగ ఉందో లేదో గానీ, దాని వెంట పరిగెత్తే పిల్లలు లేరు. లేసు మిషన్ల మీద వస్తోంది. వీధిలో ఒక్క అరుగు మీద మాత్రం కొబ్బరి చిప్పలో దారపు ఉండ కదులుతోంది. జుట్టు సగం నెరిసిన బుల్లెమ్మ అక్కడ కూర్చుని ఉంది.

సత్యవతి గారు పోయి చాలా కాలమైంది. ఇప్పుడు ఆమె తమ్ముడి దగ్గర ఉంటోంది. అతని భార్య బయటికి వచ్చి, "వదిన గారితో మాట్లాడతారాండీ? అరచేతిలో పెద్ద పెద్ద అక్షరాలు రాయండి, అర్థం చేసుకుంటారు" అంది. ఇప్పటి బడులకు ప్రత్యేకం టీచర్లు వస్తున్నారనీ, మొన్న పక్క ఊళ్ళో ఇలాంటి బాబునే చేర్చుకున్నారనీ, వాళ్ళ టీచరు వచ్చి వదిన గారి దగ్గర ఏవో అడిగి రాసుకు వెళ్ళిందనీ చెప్పింది. నేను అరుగు మీద, ఆమెకు కుడి పక్కన కూర్చుని చెయ్యి ముట్టుకున్నాను.

ఆమె సూది పక్కనపెట్టి, నా వేళ్ళు తడిమి చూసింది. తెలియలేదు. ఎలా తెలుస్తుంది, అవి ఐదో తరగతి వేళ్ళు కావు కదా. నా చెయ్యి వెల్లకిలా తిప్పి, పొందికగా రాసింది. ఎవరండీ. కాకినాడలో ఎవరో ఓపికగా నేర్పారన్నమాట. మా నాయనమ్మ ఉంటే సంతోషించేది. నాకు మాత్రం ఆ చివరి అండీని తుడిచేయాలనిపించింది.

ఆమె అరచేతిలో ప రాశాను. ద రాశాను. తర్వాత వేలు కిందికి దింపి, మణికట్టు మీద మ ఒత్తు రాశాను.

ఆమె చెయ్యి ఆగిపోయింది. అక్కడ ఒత్తు పెట్టేవాళ్ళు ఈ లోకం మొత్తం మీద ముప్ఫై మందో, ముప్ఫై ఒక్క మందో. కాసేపటికి నా చెయ్యి తన ఒళ్ళోకి లాక్కుని, లేసు దారానికి అరిగి గట్టిపడిన వేలితో, నా అరచేతిలో ఒకటి, మణికట్టు మీద ఒకటి, మళ్ళీ అరచేతిలో, మళ్ళీ మణికట్టు మీద, గబగబా రాసింది.

ఇన్నాళ్ళకా.

చివర అండీ లేదు. నా బొటనవేలు నొక్కి, జవాబు కోసం అలాగే పట్టుకుని కూర్చుంది.